అధ్యక్షుల వారి వాక్యం కింద

మా సంఘంలో చేరడానికి రెండు అర్హతలు కావాలి. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్ముకునే లైసెన్సు ఒకటి. ఎవరినైనా ఎప్పుడైనా సన్మానించడానికి సిద్ధంగా ఉండడం రెండోది. మొదటిది లేకుండా ఒకరిద్దరు లోపలికి వచ్చారు గానీ, రెండోది లేనివాడు ఇంతవరకు రాలేదు. బాన్సువాడలో దుకాణం పెట్టిన ఏడాదే నేనూ సభ్యత్వం తీసుకున్నాను. తీసుకున్న రోజే నాకు శాలువా కప్పారు. ఎందుకని అడిగితే, కొత్తగా చేరినందుకు అన్నారు. అదే వేదిక మీద ఇంకొకాయనకు పాతబడినందుకు కప్పారు.

సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ఇప్పటికీ ఉంది, దానికి చావు లేదు. పొద్దున్నే అందులో గులాబీ పువ్వులు, ఉదయిస్తున్న సూర్యుడు, టీ కప్పులు వచ్చేవి. మధ్యలో ఎప్పుడో ఒక సభ్యుడు, వరికి ఆకుముడత వచ్చింది, ఏ మందు ఇవ్వాలి అని అడిగేవాడు. తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు చెప్పేవారు. ఆ జవాబు మీద మర్నాడు నలభై గులాబీలు పడేవి. వారం తిరిగేసరికి ఇంకో సభ్యుడు అదే ప్రశ్న అడిగేవాడు, మళ్ళీ ఎవరో ఒకరు మొదటినుంచీ చెప్పేవారు.

నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివి, యూరియా బస్తాలు దింపించుకునే స్థితికి చేరినవాణ్ణి. ఆ చదువు బొత్తిగా దండగ పోకూడదన్న దురాశ నాలో అప్పటికి ఇంకా ఉంది. అందుకని ఒక సమావేశంలో లేచి, మనం ఒక వికీ పెట్టుకుందామని అన్నాను. అదేమిటని అడిగారు. అందరి ఫోన్లలోనూ తెరుచుకునే ఒకే నోటుబుక్కు అనుకోండి, పంటకొక పేజీ, పురుగుకొక పేజీ, ఎవరికి తెలిసింది వాళ్ళు రాస్తారు, రాసింది పోదు, వెతికితే దొరుకుతుంది అని చెప్పాను.

అధ్యక్షుడు కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన మాలో పెద్ద దుకాణం ఉన్నవాడు. మూడుసార్లు పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. యూరియా లారీ వచ్చినప్పుడు ముందు ఎవరి దుకాణం దగ్గర ఆగాలో చెప్పేది ఆయనే కాబట్టి, పోటీ లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

"ఎవలన్న రాయొచ్చా అండ్ల?" అన్నాడు.

"ఎవలన్న రాయొచ్చన్నా. తప్పుంటే ఎవలన్న దిద్దొచ్చు."

"నేను రాసింది గూడనా?"

"మీరు రాసింది గూడన్నా."

అందరూ తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తున్నారు. అప్పుడు మా కార్యదర్శి, సంఘం ఫ్లెక్సీలన్నీ దగ్గరుండి వేయించే మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"అన్న రాసినదాంట్ల తప్పెందుకుంటది?" అన్నాడు.

సమస్య ఆ విధంగా పరిష్కారమైంది.

ప్రారంభోత్సవం ఫంక్షన్ హాలు పైగదిలో జరిగింది. నా ల్యాప్‌టాప్‌కు ఎర్ర రిబ్బను కట్టారు. కొబ్బరికాయ కొంచెం దూరంగా కొట్టమని బతిమాలుకోవలసి వచ్చింది. అధ్యక్షుడు రిబ్బను కత్తిరించి, మొదటి పేజీ తెరిచి, అందులో తన ఫోటో ఉందో లేదో చూసుకుని, ఉందని తెలిశాక ఉపన్యాసం ఇచ్చాడు. రైతు సోదరుల జీవితాల్లో ఇక చీకటి ఉండదన్నాడు. వికీ అనే మాటను ఉపన్యాసం మొత్తంలో ఒక్కసారీ వాడలేదు. ఆ పేరు ఆయనకు ఇంకా నోటికి రాలేదు.

మొదటి నెలలో పేజీలు బాగానే పుట్టాయి. పంటల గురించి నాలుగు. మిగిలినవి అధ్యక్షుల వారి సందేశం, కార్యదర్శి వారి సందేశం, కోశాధికారి వారి సందేశం, సంఘం విహారయాత్ర ఫోటోలు, ఒక సభ్యుడి కూతురు వోణీల ఫంక్షను ఆహ్వానం. పంటల పేజీల్లో కూడా ప్రతి వాక్యం చివర రాసినవాడి పేరు, దుకాణం పేరు, ప్రొప్రయిటర్ అన్న హోదా, ఫోన్ నంబరు ఉండేవి. కాండం తొలిచే పురుగు గురించి రెండు ముక్కలు తెలుసుకోవాలంటే ఆరుగురు ప్రొప్రయిటర్లను దాటి వెళ్ళాలి.

నేను చేసిన తప్పు అక్కడ మొదలైంది. జుక్కల్ వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఆ పేజీలో మంచి మాటే రాశాడు గానీ, కింద తన దుకాణంలో దొరికే సరుకుల జాబితా కూడా పెట్టాడు. నేను మాట ఉంచి, జాబితా తీసేశాను. వికీ అంటే అదే కదా అనుకున్నాను. మర్నాడు ఆయన బస్సెక్కి అంత దూరం నుంచి వచ్చి నా దుకాణం ముందు కుర్చీలో కూర్చున్నాడు. టీ తెప్పిస్తే వద్దన్నాడు. మా దగ్గర మనిషి ఇంటికి వచ్చి టీ వద్దన్నాడంటే ఇక పెద్దమనుషుల్ని పిలవాల్సిందే.

"నేనేం తప్పు జేసిన్నయ్యా? నన్ను తీసేసినవంట."

"మిమ్మల్ని కాదు బాపూ. సరుకుల లిస్టు ఒక్కటే తీసిన."

"గా లిస్టు ఎవలది?"

"మీదే."

"మరి నన్ను తీసినట్టు గాదా?"

తర్వాతి సమావేశంలో తీర్మానం చేశారు. ఒక సభ్యుడు రాసినదానిని వేరొక సభ్యుడు తొలగించరాదు, చెప్పదలచుకున్నది గౌరవపూర్వకంగా దాని కింద రాయవలెను. నా దస్తూరీ బాగుంటుందని ఆ తీర్మానం మినిట్సు పుస్తకంలో నాచేతనే రాయించారు. ఎవరైనా దిద్దగలగడం కోసం పెట్టిన పుస్తకాన్ని ఎవరూ దిద్దకూడదని నా చేత్తో నేనే రాసి, సంతకం కూడా పెట్టాను.

ఆ తర్వాత మా వికీ ఒక పద్ధతిలో పడింది. ఒకరు ఒక వాక్యం రాస్తారు. దాని కింద, అన్న బాగా చెప్పారు, అని ఇంకొకరు రాస్తారు. దాని కింద, చక్కటి సమాచారం అందించిన అన్నకు పాదాభివందనాలు, అని మూడోవాడు. మొదటి వాక్యం తప్పని తెలిసినవాడు కూడా అభివందనంతో మొదలుపెట్టి, నాలుగో వరుసకు వచ్చాక, వేరే విధంగా కూడా చేయవచ్చునని గుసగుసగా ముగిస్తాడు. చదువుతుంటే పెళ్ళి పందిట్లో మైకు విన్నట్టుండేది.

అసలు ఈ పేజీల్ని చదివేవాళ్ళు ఉన్నారా అంటే, ఒకరున్నారు.

మా సంఘంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. నస్రుల్లాబాద్ దగ్గర వాళ్ళ నాన్న దుకాణం నడిపేవాడు. ఆయనకు చూపు తగ్గిపోయాక ఈమె కూర్చుంది. బీకాం చదివింది. లైసెన్సు నిలుపుకోవడానికి మాలాంటి డీలర్లందరూ చేయవలసిన ఏడాది కోర్సు ఆదివారాలు వెళ్ళి చదువుతోంది. తెలియనిది అడగడానికి మొహమాటపడని మనిషి. మొదట్లో మా పెద్దలకు ఫోన్లు చేసి అడిగేది. అటునుంచి, మీ బాపుకు ఫోన్ ఇయ్యమ్మా, అని వచ్చేది. మందు పేరు అడిగితే పెళ్ళి సంబంధం గురించి చెప్పినవాడూ ఉన్నాడు. వికీ పెట్టిన కొత్తలో సమావేశం అయిపోయాక మెట్ల దగ్గర నాతో అన్నది:

"ఇది మంచిగుందన్నా. గీ పేజీలు బాపును పిలువుమంటలేవు."

నాకు పట్టరాని సంతోషమైంది. అంత సంతోషంలోనూ, ఆమె నమ్ముకున్న పుస్తకంలో ఏముందో నాకు తెలుసన్న సంగతి గుర్తు రాలేదు.

ఆ వానాకాలం కూలీలు దొరక్క మా చుట్టుపక్కల చాలామంది రైతులు నాట్లు మానేసి, మొలకెత్తిన వడ్లను నేరుగా మడిలో చల్లారు. మా వైపు దాన్ని అలుకుడు అంటారు. అలికిన పొలంలో కలుపు ఎక్కువ వస్తుంది, కాబట్టి గడ్డిమందు అడిగేవాళ్ళూ ఎక్కువయ్యారు. అధ్యక్షుడు స్వయంగా గడ్డిమందుల పేజీ తెరిచి ఈ వాక్యం రాశాడు: "వరికి, నాటినా అలికినా, మూడవ రోజున ఈ మందును ఇసుకలో కలిపి చల్లవలెను." కింద మందు పేరు.

మందు మంచిదే. నాటిన వరికి. నారు అప్పటికే వేళ్ళు పట్టుకుని ఉంటుంది కాబట్టి దాన్ని ఏమీ చేయదు, గడ్డి గింజను మాత్రం మొలవనివ్వదు. అలికిన వరిలో చల్లితే గడ్డి గింజకూ వడ్ల గింజకూ తేడా దానికి తెలియదు. అలికిన వరికి అదే మందులో వేరే రకం దొరుకుతుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి కూడా ఉంటుంది. మా అధ్యక్షుడు అలుకుడు మొదలుకాకముందు చాలా ఏళ్ళు ఈ మందు అమ్మాడు, ఒక్క పొలం పాడుకాలేదు. ఆ ధైర్యంతో "అలికినా" అన్న మాట చేర్చాడు.

నేను ఆ వాక్యం చూసేసరికి కింద ఏడు అభివందనాలు పడి ఉన్నాయి. మార్చు అన్న బొత్తం మీద నా వేలు కొంతసేపు ఆగింది. ఒక్క మాట కొట్టేస్తే చాలు. తీర్మానం గుర్తొచ్చింది, టీ వద్దన్న పెద్దాయన గుర్తొచ్చాడు, యూరియా లారీ గుర్తొచ్చింది. అప్పుడు కింద, ఎనిమిదో వరుసలో, ఇలా రాశాను: "గౌరవనీయులైన అధ్యక్షుల వారి విలువైన సూచనకు కృతజ్ఞతలు. చిన్న మనవి. అలికిన వరికి వేరే రకం కూడా లభ్యమగుచున్నది. అది వాడినచో మరింత శ్రేయస్కరం."

మరింత శ్రేయస్కరం. మొలక చచ్చిపోతుంది అని రాయడానికి నాకు చేతులు రాలేదు. నా కింద కార్యదర్శి, ఇద్దరు అన్నలకూ ధన్యవాదాలు, అని రాశాడు. ఇద్దరమూ ఒకేసారి ఒప్పు కావడం ఎట్లా కుదురుతుందని ఆయన ఆలోచించలేదు.

పదకొండు రోజుల తర్వాత ఒక కౌలు రైతు ఆమె దుకాణానికి వచ్చాడు. రెండెకరాలు అలికి మూడు రోజులైంది, గడ్డిమందు కావాలన్నాడు. ఆమె ఫోన్‌లో మా పేజీ తెరిచింది. తెర మీద అధ్యక్షుడి వాక్యమూ, దాని కింద రెండు మూడు అభివందనాలూ కనిపించాయి. ఇంతమంది పెద్దలు బాగుందన్నాక ఇంకా కిందికి జరపడానికి ఆమెకేం పని? చదివి వినిపించి మందు ఇచ్చింది.

పక్క పొలాలన్నీ పచ్చబడ్డాయి. ఆయన మడి బురదగానే ఉంది. ఇంకొన్నాళ్ళు చూసి, ఒక కవరులో మట్టి తెచ్చి ఆమె గల్లాపెట్టె ముందు పెట్టాడట. మట్టిలో వడ్లు నల్లబడి ఉన్నాయి. ఆయన అరవలేదని ఆమె తర్వాత నాకు చెప్పింది. "చూడు బిడ్డా," అని మాత్రం అన్నాడట. అరిచినా బాగుండేదన్నది.

ఊళ్ళోవాళ్ళు ఆయన్ని తీసుకుపోయి వ్యవసాయాధికారికి దరఖాస్తు ఇప్పించారు. అధికారి నుంచి ఆమెకు నోటీసు వచ్చింది. తప్పు మందు అమ్మినందుకు నీ లైసెన్సు ఎందుకు నిలిపివేయకూడదో మంగళవారం వచ్చి చెప్పమని. సీజను మధ్యలో దుకాణం మూతపడితే దాన్ని మళ్ళీ తెరవడం ఉండదు. రైతులు ఇంకో దుకాణానికి అలవాటు పడతారు. అందులోనూ తప్పు మందిచ్చి పొలం చెడగొట్టిన ఆడపిల్ల దుకాణం. ఆ ఇంట్లో ఇంకో సంపాదన లేదు.

ఆమె నాకు ఫోన్ చేసింది.

"అన్నా, నేను పేజీల ఉన్నదే ఇచ్చిన. గది మన సంఘం పేజీ గదా. సంఘమొచ్చి చెప్తది గదా సారుకు?"

"చెప్తదమ్మా. ఎందుకు చెప్పది," అన్నాను.

ఈ మాట అన్నప్పుడు నేను మా సంఘంలో ఎన్నేళ్ళుగా ఉన్నానో నాకే జ్ఞాపకం లేనట్టుంది.

సోమవారం అత్యవసర సమావేశం పెట్టారు. అత్యవసరం కాబట్టి మిర్చి బజ్జీలు మాత్రమే తెప్పించారు. అధ్యక్షుడు ఒక బజ్జీ పూర్తిచేసి విషయంలోకి వచ్చాడు.

"డబ్బా మీద రాసి ఉంటది గదా. చదువుకున్న పిల్లనే గదా. చూసుకోవద్దా?"

"ఆడపిల్లకు దుకాణమెందుకని నేను వాళ్ళ బాపుకు అప్పుడే జెప్పిన," అన్నాడు కార్యదర్శి. "సంఘానికి దీంతోని ఏం సంబంధం లేదని ఒక కాయితం రాసిద్దాం సారుకు."

"గంతే." అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "నువ్వు గా లైను తీసెయ్యి."

"తీసెయ్యొద్దని మనదే తీర్మానం ఉంది గదన్నా."

"అది వేరేటోళ్ళు తీసుడు గురించి. నాది నేను తీసుకుంటే ఎవలకేంది?"

"తీసినా ఉంటదన్నా. పాత పేజీ లోపల అట్లనే ఉంటది. ఎవలు రాసిన్రు, ఎప్పుడు రాసిన్రు, ఎప్పుడు తీసిన్రు, అన్నీ తారీఖు టైముతోని ఉంటయి."

ఆయన చేతిలోని రెండో బజ్జీ ప్లేటులోకి దిగింది.

"నేను రాసింది, తీసింది, రెండూ ఉంటయా?"

"రెండూ ఉంటయన్నా."

"గిసొంటిదానికా నువ్వు నాతోని రిబ్బను కోయించినవ్?"

నేను నవ్వబోయి ఆగాను. చివరికి ఆయనే దారి కనిపెట్టాడు. "అసలు మొత్తం పేజే లేకుంట చెయ్యి. నీ చేతుల ఉంటది గదా." నిజమే, అది నా చేతిలో ఉన్నదే. వికీ పెట్టినవాడికి మాత్రమే ఆ సౌకర్యం ఉంటుంది.

"చూస్తనన్నా," అన్నాను.

కాదని అనలేదు. ఈ మాట వీరుల చరిత్రలోకి ఎక్కదని నాకు తెలుసు. ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేసినప్పుడు సర్వర్ ఒప్పుకోవడం లేదని చెప్పాను. సర్వర్ అంటే ఎవరో పెద్ద ఆఫీసరు అనుకున్నట్టున్నాడు, మనవాళ్ళెవరన్నా ఉన్నరా అక్కడ అని అడిగాడు.

పేజీని నేను చెరపకపోవడానికి ఆ అమ్మాయి మీద జాలి ఒక్కటే కారణమని చెప్పుకోవచ్చు. చాలాకాలం అట్లాగే చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, ఆ పేజీలో ఎనిమిదో వరుస నాది. సంఘం మొత్తంలో సరైన మాట రాసింది నేనొక్కణ్ణే. అధికారి ముందు అది పడితే, అధ్యక్షుడి గొప్పా నా తెలివీ ఒకే కాగితం మీద కనిపిస్తాయి. మంగళవారం పొద్దున్నే జిరాక్స్ దుకాణంలో పేజీనీ, దాని మార్పుల పట్టికనూ రెండేసి కాపీలు తీయించాను. మంచి చొక్కా వేసుకున్నాను.

అధికారి గదిలో మా అధ్యక్షుడు, కార్యదర్శి ముందే కూర్చుని ఉన్నారు. అధ్యక్షుడి ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, కవర్లో శాలువా. అధికారి దాన్ని చూసి, పక్క కుర్చీలో పెట్టమన్నాడు. కౌలు రైతు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె రాసుకొచ్చిన జవాబు కాగితం చేతిలో మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది.

కార్యదర్శి సంఘం లేఖ చదివాడు. సదరు సభ్యురాలి చర్యతో సంఘానికి ఎటువంటి సంబంధం లేదు. ఆమె ఆయన వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను లేచి కాగితాలు బల్ల మీద పెట్టాను.

"గిదే సార్ ఆమె చూసిన పేజీ. సంఘం పేజీనే."

మా అధ్యక్షుడు నా చొక్కా వైపు చూశాడు, మొహం వైపు కాదు. అధికారి పైకే చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం చదివాడు. ఎవరు రాశారని అడగకుండా పక్క కాగితంలో పేరు చూసి తల ఎత్తాడు, మళ్ళీ దించాడు. తర్వాత అభివందనాలు చదివాడు. ఒక్కటీ వదల్లేదు. పాదాభివందనాల దగ్గర కొంచెం నెమ్మదించాడు.

గోడ దగ్గర నుంచి రైతు అన్నాడు: "అందరు ఒకలికొకలు దండాలు పెట్టుకున్నరు సారు. మంచిదే. నా పొలం ముచ్చట ఎవలన్న రాసిన్రా అండ్ల?"

"ఉంది, ఉంది," అన్నాను నేను, ఆత్రంగా. "ఎనిమిదోది చూడండి సార్."

ఆయన ఎనిమిదోది చదివాడు. తర్వాత తారీఖు చూశాడు. ఆమె ఇచ్చిన బిల్లు తీసి దాని తారీఖు చూశాడు.

"పదకొండు రోజుల ముందే రాసిన్రు."

"అవును సార్."

"అంటే ఇది తప్పని మీకు పదకొండు రోజుల ముందే తెలుసు."

"అందుకే కింద రాసిన సార్."

"'మరింత శ్రేయస్కరం' అని రాసిన్రు," అన్నాడాయన. "మొలకలు చస్తయని తెలిసినాయన మరింత శ్రేయస్కరం అని రాస్తే, తెలియనామెకు ఏమర్థం కావాలె?"

ఆ గదిలో నేను వేసుకొచ్చిన మంచి చొక్కా ఒక్కసారిగా ఎక్కువైపోయింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లో గౌరవనీయులైన అన్న మాట ఒక్కటే ఉంది.

ఆమె లైసెన్సు దక్కింది. డబ్బా మీద రాసింది చదవకుండా మందు అమ్మినందుకు హెచ్చరిక ఇచ్చి, దాని కాపీ మీద సంతకం తీసుకున్నాడు. పేజీ కాపీలను ఫైల్లో పెట్టి, అధ్యక్షుణ్ణీ నన్నూ మా మా దుకాణాల రిజిస్టర్లతో మర్నాడు రమ్మన్నాడు. ఇకముందు సంఘం పేరుతో మందుల సలహా ఎక్కడా రాయవద్దని కాగితం మీద రాయించుకున్నాడు. శాలువా కుర్చీలోనే ఉండిపోయిందని మెట్లు దిగాక కార్యదర్శికి గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాడు.

పొలం సంగతి మిగిలింది. ఆ మందు చల్లిన మడిలో నాటు వేస్తే ఏమీ కాదు, కావలసిందల్లా నారు. ఆమె రెండు రోజులు తన దుకాణానికి వచ్చే రైతులందరికీ ఫోన్లు చేసి, నారుమడి మిగిలినవాళ్ళని వెతికి, ట్రాలీ మాట్లాడి, ఆయన పొలం గట్టు దాకా చేర్పించింది. మా సంఘంలో ఒక్కొక్కరికీ వందల మంది రైతులు తెలుసు. నారు ఎక్కడన్నా ఉందా అని గ్రూపులో ఆమె అడిగిన ప్రశ్న కింద ఆ పొద్దున రెండు గులాబీలు, ఒక టీ కప్పు వచ్చాయి.

వికీని మూసేస్తూ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కంప్యూటర్లు మన రైతాంగానికి ఇంకా సరిపడవని కారణం రాశారు. ఈసారి మినిట్సు వేరేవాళ్ళచేత రాయించారు. నా దస్తూరీ మీద మునుపటి అభిమానం లేదు. ఆ నెల యూరియా లారీ నా దుకాణం దగ్గరికి చివరన వచ్చింది, సరుకు దాదాపు దిగిపోయాక.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం నస్రుల్లాబాద్ వైపు వెళ్ళి ఆమె దుకాణం దగ్గర ఆగాను. ఏదో పని ఉన్నట్టుగా ఆగాను గానీ, పనేమీ లేదు. లైసెన్సు దక్కినందుకు ఆమె ఒక మంచి మాట అంటుందని లోపల ఎక్కడో ఆశ ఉందేమో. వాళ్ళ నాన్న వెనక గదిలో రేడియో వింటున్నాడు. ఆమె గుమ్మం దగ్గరి స్టూలు చూపించి, టీ చెప్పింది.

"రైతు నాటు ఎట్లుంది?" అన్నాను.

"పట్టుకుందన్నా. లేటయితది, గంతే."

టీ వచ్చింది. తాగుతుండగా, స్టాకు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగింది:

"నీ దగ్గర నా నంబరుంది గదన్నా?"

"ఉంది."

"పేజీల కింద రాసినవ్ గదా, గదే వారంల నాకు రెండుసార్లు ఫోన్ జేసినవ్. అధ్యక్షుని పుట్టినరోజు ఫ్లెక్సీల వేస్తరు, ఫోటో పంపమని."

అవును. చేశాను. ఫోటో స్పష్టంగా రాలేదని రెండోసారి కూడా చేశాను. పదకొండు రోజుల్లో అవి ఎన్నో రోజులో నేను ఎప్పుడూ లెక్కవేసుకోలేదు. మార్పుల పట్టికలో నా ఫోన్లు ఎక్కవు.

"అప్పుడు ఒక్క ముక్క జెప్తే అయిపోతుండె," అన్నది. కోపంగా అనలేదు. బస్తాలు తక్కువ దిగాయని చెప్పినట్టు అన్నది.

పేజీలో రాశాను కదమ్మా అనబోయాను. అదే వాక్యం అధికారి ముందు ఎంతవరకు నిలబడిందో గుర్తొచ్చి, టీ పూర్తిచేశాను.

ఇంతలో ఒకాయన బండి ఆపి లోపలికి వచ్చాడు. గడ్డిమందు కావాలన్నాడు. ఆమె పుస్తకం మూసి లేచింది.

"నాటిన్రా, అలికిన్రా?"

"అలికినమ్మా."

"ఎన్ని రోజులాయె?"

"నిన్నటికి మూడు."

అలమర పై అర నుంచి ఒక డబ్బా తీసి, వెలుతురు పడేలా గుమ్మం దాకా వచ్చి, వేలు పెట్టి చిన్న అక్షరాలు పైకే చదవడం మొదలుపెట్టింది. ఆయనకు తొందరగా ఉంది.

"ఎర్కనే తల్లీ, ఇయ్యి పోతా."

"ఆగు బాబాయ్," అని, ఆమె చివరి వరుస దాకా చదివింది. నేను గుమ్మానికి అడ్డం ఉన్నానని గమనించి పక్కకు జరిగాను.